బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 14,000 కిలోమీటర్లు: పోవడానికి పదహారు గంటలైతే రావడానికి పద్దెనిమిదెందుకు?

మారతహళ్లి వాసి | 2024 జనవరి 8, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి అరవై ఏడేళ్లు. అనంతపురం నుంచి వచ్చి ప్రస్తుతం మా ఇంట్లోనే ఉన్నారు. ఫిబ్రవరి మధ్యలో ఫ్రీమాంట్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరకు బయలుదేరుతున్నారు, తిరుగు ప్రయాణం జూన్‌లో. ఎక్కడా దిగి మారే పని లేకుండా బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా వెళ్లే విమానానికే టికెట్టు తీశాను. టికెట్టులో పోయేటప్పుడు 16 గంటల పైచిలుకు, వచ్చేటప్పుడు 17 గంటల 45 నిమిషాలు అని ఉంది. దూరం చూపించే వెబ్‌సైట్లన్నీ 13,990 కిలోమీటర్ల దగ్గరే చెబుతున్నాయి. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే పదిహేనున్నర గంటలు మాత్రమే వస్తోంది.

నేను దీన్ని అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు గానీ, మా అమ్మగారు టికెట్టు కాగితం చేతిలో పట్టుకుని, "అనంతపురం బస్సు వచ్చేటప్పుడూ నాలుగు గంటలే, పోయేటప్పుడూ నాలుగు గంటలే కదరా, దీనికేం వచ్చింది?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవారు వివరించగలరని ప్రార్థన.

లెక్కల మాస్టారు | జనవరి 8, రాత్రి 10:25

ముందుగా ఆ 13,990 అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామండి. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.6 ఉత్తరం, 122.4 పడమర. ఈ రెండు చోట్ల నుంచి భూకేంద్రానికి గీతలు గీస్తే వాటి నడుమ కోణం సుమారు 125.8 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కనుక, గుణిస్తే 14,000 దరిదాపుల్లోకి వస్తుంది. దీన్నే మహావృత్త దూరం అంటారు. భూమిని బంతి అనుకుని, దాని మీద రెండు బిందువులను కలిపే అతి పొట్టి దారి కొలత ఇది. విమానాల వాళ్లు దీన్నే నాటికల్ మైళ్లలో దాదాపు 7,550 అని రాసుకుంటారు.

మీ భాగహారంలో తప్పు లేదు. అయితే మీరు భాగించింది గ్లోబు మీది గీతను. విమానం ఆ గీత మీద నడవదు. ఆ సంగతి ఆ రంగంలో ఉన్నవారు చెబితే బాగుంటుంది.

తూర్పుగాలి | జనవరి 9, ఉదయం 7:10

ఇందులో వివరించడానికి పెద్దగా ఏమీ లేదు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. ఆ తిరుగుడు ఒక దిశలో కలిసివస్తుంది, మరో దిశలో ఎదురవుతుంది. చిన్నప్పుడు మనమందరం చదువుకున్నదే.

పాత డిస్పాచర్ | జనవరి 9, ఉదయం 11:30

తూర్పుగాలి గారూ, చాలామంది ఇలాగే అనుకుంటారు గానీ అది నిజం కాదండి. బెంగళూరు నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతూ ఉంటుంది. మీరు చెప్పినట్టే అయితే దేవనహళ్లి మీద గంటసేపు గాలిలో కదలకుండా నిలిచిన హెలికాప్టరు కిందికి దిగేసరికి అరేబియా సముద్రం నడిమధ్యన ఉండాలి. పైగా అప్పుడు పడమటి ప్రయాణమే తొందరగా పూర్తి కావాలి, అసలు జరిగేది దానికి తలకిందులు. నేలతో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాలిలో తేలుతుంది. కనుక తేడా తెచ్చేది భూమి తిరుగుడు కాదు, నేలతో పోల్చినప్పుడు ఆ గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందన్నదే.

నేను విమానాలకు ఫ్లైట్ ప్లాన్ వేసే పనిలో చాలా ఏళ్లు ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, కనుక కొంచెం విస్తారంగా రాస్తాను, ఓపికతో చదవండి.

భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సమశీతోష్ణ మండలాల మీదుగా, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతూ ఉంటుంది. చలికాలంలో, అందులోనూ జపాన్ మీదా, దాన్ని దాటిన పసిఫిక్ మీదా, దాని ఉరవడి గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పు ముఖంగా పోయే విమానం వీలైనంత సేపు ఆ నది నడుమే ఉండేలా ప్లాన్ వేస్తాం. తిరిగి వచ్చేటప్పుడు అదే నదికి దూరంగా, ఉత్తరాన్నో దక్షిణాన్నో తప్పించుకుంటూ వస్తాం. మారతహళ్లి వాసి గారి అమ్మగారికి చెప్పాలంటే, బస్సుకు రోడ్డు కదలదు, విమానానికి రోడ్డే కదులుతుంది. గోదావరిలో పడవ ఏటివాలుకు పోవడానికీ, ఎదురెక్కడానికీ ఒకే సమయం పట్టదు కదా.

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. దారి 15,000 కిలోమీటర్లు, గాలిలో విమానం వేగం 900. దారి పొడవునా సగటున గంటకు 60 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేల మీద వేగం 960 అవుతుంది, 15 గంటల 38 నిమిషాల్లో చేరుతుంది. అదే దారిన అదే గాలి ఎదురైతే వేగం 840కి పడిపోయి 17 గంటల 51 నిమిషాలు పడుతుంది. గంటకు అరవై కిలోమీటర్లంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున పోయే కారు వేగం, అంతే. కానీ పదిహేను వేల కిలోమీటర్ల మీద అది రెండు గంటల పైచిలుకు తేడాగా తేలుతుంది. పోయేటప్పుడు కలిసివచ్చిందీ, వచ్చేటప్పుడు పోయిందీ సరికి సరి అవుతాయని కొందరు అనుకుంటారు, అదీ కాదు. గాలి లేకపోతే రానూ పోనూ కలిపి 33 గంటల 20 నిమిషాలు, గాలి ఉంటే 33 గంటల 29 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కనుక నష్టం ఎప్పుడూ కొద్దిగా ఎక్కువే.

ఇక టికెట్టులో రాసేది గాలిలో ఉండే సమయం కాదు, బ్లాక్ టైమ్. గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన చాక్స్ అనే అడ్డుదిమ్మలు తీసి, విమానాన్ని వెనక్కి నెట్టడం (పుష్‌బ్యాక్) మొదలైనప్పటి నుంచి, అక్కడ గేటు దగ్గర మళ్లీ చాక్స్ పెట్టేదాకా లెక్క. ఇక్కడ రన్‌వే దాకా పాకడానికి ఇరవై ముప్పై నిమిషాలు, అక్కడ దిగాక గేటు దాకా పదీ ఇరవై నిమిషాలు అందులోనే కలిసి ఉంటాయి.

పటాల పిచ్చి | జనవరి 9, రాత్రి 8:50

పై రెండు వివరణలు చదివాక ఉండబట్టలేక మా అమ్మాయి గ్లోబు కిందికి దించాను. మా ఆవిడ మల్లెపూలు కట్టే దారం తీసుకుని ఒక కొసను బెంగళూరు మీద, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద బొటనవేళ్లతో అదిమి, బిగుతుగా లాగాను. దారం దానంతట అదే జారి ఉత్తరానికి ఎక్కింది. నేను పసిఫిక్ మీదుగా పోతుందనుకున్నాను. అది పసిఫిక్ నడిభాగాన్ని తాకనే లేదు! నేపాల్, టిబెట్, పడమటి మంగోలియా, సైబీరియా దాటి, రష్యాకు ఉత్తరాన ఉన్న మంచు సముద్రాన్ని అంచున ముట్టుకుని, అలాస్కా నడుమగా దిగి, కెనడా పడమటి తీరం పక్కనే కాలిఫోర్నియాకు చేరింది. దారం అన్నిటికంటే పైకి ఎక్కిన చోటు 71 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. గోడ మీది పటంలో ఎవరికైనా తోచే దారికీ దీనికీ పోలికే లేదు. అసలు విమానాలు ఈ దారం వెంటే పోతాయా?

పాత డిస్పాచర్ | జనవరి 10, ఉదయం 10:15

పోవండి. మీ దారం మొదటి మూడో వంతులోనే చిక్కుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లు దాటుతుంది. విమానం లోపలి గాలి పీడనం ఏ కారణం చేతనైనా పడిపోతే, పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల తల మీద వేలాడే మాస్కుల్లో ప్రాణవాయువు సాధారణంగా పదిహేను నిమిషాల ఆసుపాసులోనే అయిపోతుంది. కింద నేలే 4,500 మీటర్లు ఉన్నచోట 3,000కు దిగడమెలా? అందుకే దూర విమానాలు ఆ పీఠభూమిని చుట్టి పోతాయి. తూర్పుకు పోయే విమానాలు సాధారణంగా బంగాళాఖాతం, మయన్మార్, దక్షిణ చైనా, జపాన్ మీదుగా పసిఫిక్‌లోకి ప్రవేశిస్తాయి. దారి పొడుగు వెయ్యి కిలోమీటర్లు పెరిగినా జెట్ స్ట్రీమ్ ఆ అప్పు తీర్చేస్తుంది.

రెండో చిక్కు గగనతలాల అనుమతులు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా ఆకాశం అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు మూతపడింది, మన దేశపు సంస్థలకు తెరిచే ఉంది. ఒకే ఊళ్ల నడుమ, ఒకే రకం విమానానికి, తోక మీది రంగును బట్టి దారి మారిపోవడం మా కాలంలోనూ ఉండేది గానీ ఇంతగా ఉండేది కాదు.

ఈ మార్గం మొదలైన కథ కూడా గుర్తు చేస్తాను. ఎయిర్ ఇండియా విమానం 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి, జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో ఉన్నవారందరూ మహిళలే, వారిలో పాపగారి తన్మయి ఒకరు. ఆ రోజు ఎగిరిన దూరం సుమారు 16,000 కిలోమీటర్లని వార్తల్లో వచ్చింది. మహావృత్తం కంటే రెండు వేలు ఎక్కువ. ఎదురుగాలిని తప్పించుకోవడానికి దూరాన్ని పెంచుకోవడమంటే ఇదే.

ఆ విమానం బోయింగ్ 777-200ఎల్ఆర్. గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో లేచే ఈ విమానంలో దాదాపు 145 టన్నులు ఇంధనమే పట్టించవచ్చు. మొదటి గంటల్లో అది మోసేది ప్రయాణికుల కంటే ఎక్కువగా తన ఇంధనాన్నే. అందుకే వేగం పెంచి గంట ఆదా చేయమంటే ఏ సంస్థా ఒప్పుకోదు.

హెబ్బాళ మిత్రుడు | జనవరి 10, సాయంత్రం 6:05

నేరుగా పోయే విమానం దొరికినందుకు మారతహళ్లి వాసి గారు అదృష్టవంతులు. వారానికి కొన్ని రోజులే ఉంటుంది కనుక తేదీలు కుదరనివారు ఒకచోట దిగి మారవలసిందే. అప్పుడు దూరం ఎంత పెరుగుతుందో నేను లెక్క వేసి పెట్టుకున్నాను. దుబాయి మీదుగా 2,700, 13,040 కలిపి 15,740 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,400, 9,150 కలిపి 16,550. సింగపూర్ మీదుగా 16,770. విచిత్రమేమిటంటే టోక్యో నరీతా మీదుగా 6,700, 8,230 కలిపి 14,930 మాత్రమే, అంటే నేరుగా పోయే దారికి వెయ్యి కిలోమీటర్లు కూడా తేడా లేదు.

అయితే ఈ కిలోమీటర్లను చూసి మోసపోకండి. రెండేళ్ల కిందట మా నాన్నగారిని గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయం మీదుగా పంపాను. నడుమ విమానం మారడానికి గంటా పది నిమిషాల లేఓవర్, టికెట్టు అమ్మినవాడు చాలునన్నాడు. ఇక్కడే విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. చక్రాల కుర్చీ వచ్చేదాకా నాన్నగారిని సీటులోనే కూర్చోబెట్టారు. గేటుకు చేరేసరికి తలుపు మూసేశారు. తరువాతి విమానం పదకొండు గంటల తరువాత. ఇరవై గంటల్లో తేలుతుందనుకున్న ప్రయాణం ముప్పై రెండు గంటలైంది. ఫోనులో ఆయన అన్న మాట ఒక్కటే: "ఇక్కడ కాఫీ నీళ్లలా ఉందిరా." పెద్దవాళ్లకు మూడు గంటల కంటే తక్కువ లేఓవర్ ఉన్న టికెట్టు ఎంత చవకైనా కొనవద్దని నా అభిప్రాయం.

మారతహళ్లి వాసి | జనవరి 11, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. ఏటివాలు పోలిక అమ్మకు వెంటనే అర్థమైంది. కానీ ఇప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది. ఫిబ్రవరి టికెట్టులో మధ్యాహ్నం బయలుదేరి అదే రోజు సాయంత్రం చేరుతున్నట్టుంది. జూన్ టికెట్టులో 14వ తేదీ రాత్రి ఎక్కి 16వ తేదీన దిగుతున్నట్టుంది. మా చెల్లెలు ఏ రోజు విమానాశ్రయానికి రావాలో, నేను ఏ రోజు వెళ్లాలో రూఢిగా తెలుసుకోవాలనుకుంటున్నాను.

లెక్కల మాస్టారు | జనవరి 11, రాత్రి 10:40

తేదీలు సరిగ్గానే ఉన్నాయండి. చలికాలంలో మనం కాలిఫోర్నియా కంటే 13 గంటల 30 నిమిషాలు ముందుంటాం. మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కి పదహారు గంటలు కూర్చుంటే మన గడియారంలో మర్నాడు ఉదయం ఆరున్నర. అందులోంచి పదమూడున్నర తీసేస్తే అక్కడ ముందు రోజు సాయంత్రం ఐదు. అంటే ఎక్కిన తేదీనే. అంతర్జాతీయ దినరేఖను తూర్పుకు దాటినందుకు ఒక తేదీ వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడు ఆ తేదీని తిరిగి చెల్లించాలి, అందుకే 14న ఎక్కినవారు 16న దిగుతారు, 15వ తేదీ చాలావరకు గాలిలోనే గడిచిపోతుంది.

ఒక మెలిక ఉంది, దాన్ని మరిచిపోకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. ఈ ఏడాది అది మార్చి 10న. ఆ తరువాత తేడా పదమూడున్నర కాదు, పన్నెండున్నరే. ఫిబ్రవరి లెక్క పట్టుకుని జూన్‌లో విమానాశ్రయానికి వెళితే మీరు గంట తప్పుతారు. టికెట్టులో ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయమే ఉంటుంది కనుక దాన్నే నమ్మండి.

మూడో అంతస్తు | జనవరి 12, ఉదయం 8:20

ఆకాశంలో లెక్కలు బాగున్నాయి గానీ మారతహళ్లి నుంచి దేవనహళ్లికి పట్టే సమయాన్ని ఎవరూ కలపలేదు. దూరం నలభై కిలోమీటర్ల లోపే, కానీ పగటిపూట హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఏ జెట్ స్ట్రీమూ సహాయం చేయదు. అంతర్జాతీయ విమానాలన్నీ ఇప్పుడు టెర్మినల్ 2 నుంచే. మధ్యాహ్నపు విమానానికి ఉదయం ఎనిమిదిన్నరకే ఇల్లు కదలండి. వాయువజ్ర బస్సు మంచిదే గానీ పెద్దవారికీ రెండు పెట్టెలకీ కారే మేలు.

నిదానం | జనవరి 12, ఉదయం 9:55

అమ్మగారు రక్తపోటుకో చక్కెరకో మందులు వాడుతుంటే, విమానంలో ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందుగానే డాక్టరును అడిగి కాగితం మీద తెలుగులో రాసివ్వండి. మందులు చేతి సంచిలో ఉండాలి. రెండు గంటలకోసారి లేచి నడవమని చెప్పండి, అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడవా పక్క సీటు తీసుకుంటే ఎవరినీ లేపకుండా లేవవచ్చు.

మారతహళ్లి వాసి | 2024 ఫిబ్రవరి 19, రాత్రి 8:30

అమ్మ క్షేమంగా చేరారు. మీ అందరి వివరణలకు బదులుగా అసలు అంకెలు ఇస్తున్నాను. పుష్‌బ్యాక్ మధ్యాహ్నం 2:25కు, నేల వదిలింది 2:52కు. అక్కడ దిగింది స్థానిక సమయం 4:46కు, గేటుకు చేరింది 5:05కు. అంటే గాలిలో 15 గంటల 24 నిమిషాలు, బ్లాక్ టైమ్ 16 గంటల 10 నిమిషాలు. సీటు ముందరి తెరలో దారి జపాన్ మీదుగానే ఉంది. పక్క సీటులోని కుర్రవాణ్ణి అడిగి అమ్మ ఆ తెరను ఫోటో తీయించారు. అందులో నేల మీద వేగం గంటకు 1,130 కిలోమీటర్లు, బయటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీలు. విమానం దిగాక ఇమిగ్రేషన్ వరుసలోనే మరో గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఏ టికెట్టులోనూ కనబడని సమయం అది.

తూర్పుగాలి | ఫిబ్రవరి 19, రాత్రి 9:05

1,130 అంటే 900 మీద 230 అదనం. భూమి తిరుగుడు గురించి నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. నా పేరు కూడా మార్చుకోవాలేమో, మొత్తం పని చేసింది పడమటిగాలి.

పాత డిస్పాచర్ | ఫిబ్రవరి 20, ఉదయం 10:30

పేరు ఉంచుకోండి, జూన్‌లో పనికిరావచ్చు. వేసవిలో జెట్ స్ట్రీమ్ బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది కనుక తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి చలికాలంలో ఉన్నంత ఉండదు. అయినా పదిహేడు గంటలకు తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి.

మారతహళ్లి వాసి | 2024 జూన్ 16, ఉదయం 11:20

డిస్పాచర్ గారు చెప్పినట్టే జరిగింది. 14వ తేదీ రాత్రి 9:10కి అక్కడ గేటు వదిలి, ఈ తెల్లవారుజామున 3:15కు ఇక్కడ గేటుకు చేరింది. పన్నెండున్నర గంటల తేడా తీసేస్తే 17 గంటల 35 నిమిషాలు, అంటే టికెట్టులో ఉన్నదాని కంటే పది నిమిషాలు తక్కువ. అమ్మ నాలుగు నెలలూ చేతి వాచీని మన సమయంలోనే ఉంచుకున్నారట, మా పిల్లలు బడికి వెళ్లే వేళ తెలియాలని. చుట్టూ అందరూ గడియారాలు సరిచేసుకుంటుంటే తన వాచీ ఒక్కటే సరిగ్గా ఉందని టెర్మినల్ బయటికి వస్తూనే చూపించారు. ఆ వేళలో హెబ్బాళ ఖాళీగా ఉండటంతో నలభై అయిదు నిమిషాల్లో ఇంటికి వచ్చేశాం.